పలకని పాల కూలర్

మదనపల్లెలో మా ఇంటి పైగదిలో నా పాత కంప్యూటర్ గుడ్డ కప్పుకుని ఉంది. ఒకప్పుడు వార్తలు దాని మీదే కొట్టి, వెనకనున్న సీరియల్ పోర్టుకు మోడెమ్ తగిలించి, ఫోను తీగ మీదుగా తిరుపతిలోని పత్రికాఫీసుకు పంపేవాడిని. తొమ్మిది పిన్నులుండే ఆ పోర్టు ఇప్పటి కంప్యూటర్లకు రావడం లేదు. దాన్ని వెతుక్కుంటూ ఎవరైనా మెట్లెక్కి వస్తారని నేననుకోలేదు. మా ఇంటి కింద అంగడిలో మోటార్లు, స్టెబిలైజర్లు బాగుచేసే ఆయన ఒక మధ్యాహ్నం వచ్చాడు.

"అన్నా, నీ పాత డబ్బా బతికుండాదా?"

"ఉండాది. యాల?"

"పుంగనూరు పక్కన పాల కేంద్రంలో కూలర్‌కు కొత్త కంట్రోలర్ ఏసినారు. దాంట్లో సెట్టింగులు మార్చాలంటే ఆ పోర్టే కావాల. నా ల్యాప్‌టాప్‌కు కన్వర్టర్ వైరు పెట్టి పొద్దున్నుంచి సూస్తి. పలకటంలే. ఆ వైరుదే తప్పని నా అనుమానం."

కంప్యూటర్‌ను, దాని బరువైన మానిటర్‌ను దుప్పట్లో చుట్టి ఆయన వ్యాన్‌లో పెట్టాం. దాన్ని సర్దిపెట్టడం నాకే తెలుసు కాబట్టి నేనూ ఎక్కాను.

కేంద్రమంటే రేకుల కప్పు వేసిన ఒక గది. మధ్యలో స్టీలు తొట్టి, గోడకు కంట్రోలర్ పెట్టె. పాలు ఎంత చల్లబడ్డాయో చూసి కంప్రెసర్‌ను నడిపేది ఆ పెట్టే. పాతది పిడుగుకు కాలిపోయింది. కొత్తది మరో రకం తొట్టికి సరిపోయే సెట్టింగులతో వచ్చింది. దాని మీదున్న బొత్తాలు అంకెలు చూపిస్తాయే గాని మార్చనివ్వవు. మార్చడం కంప్యూటర్ నుంచే. కంపెనీ మనిషి బెంగళూరు నుంచి ఎల్లుండి వస్తానన్నాడట.

కేంద్రాన్ని నడిపేది యాభై దాటిన ఒకామె. ఖాళీ క్యాన్లు కడుగుతూనే సంగతి చెప్పింది. ముందురోజు పాలు విరిగాయి. కుప్పం నుంచి వచ్చిన ట్యాంకర్ డ్రైవర్ మూత ఎత్తి, వాసన చూసి, మూత వేసి వెళ్లిపోయాడు.

"ఈ పూట గూడా వాపస్ పోతే, రేపట్నుంచి అందురూ రోడ్డుకవతల కేంద్రంలో పోస్తారప్పా. పోయినోళ్లు మళ్లీ రారు," అంది. గొంతులో ఫిర్యాదు లేదు.

కంప్యూటర్‌ను స్టూలు మీద పెట్టి, దాని పోర్టు నుంచి కంట్రోలర్ కింది భాగంలో ఉన్న తొమ్మిది రంధ్రాల సాకెట్‌కు వైరు కలిపాం. రెండు యంత్రాలూ ఒకే వేగంతో అక్షరాలు పంపుకోవాలి. వేగం తేడా వస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఇక్కడ పిచ్చిగీతలు కూడా రాలేదు. నల్లటి తెర మీద చిన్న గీత ఒక్కటే ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆయన వేగం మార్చాడు, మళ్లీ మార్చాడు. తెలుగు వదిలి ఇంట్లో మాట్లాడే ఉర్దూలోకి దిగాడు. "బోల్ రే, బోల్," అని పెట్టెను బతిమాలాడు.

తర్వాత వైరు కొసన రెండు పిన్నులను చిన్న తీగముక్కతో కలిపి, మీటలు నొక్కాడు. నొక్కిన అక్షరాలు తిరిగొచ్చి తెర మీద పడ్డాయి.

"నీ డబ్బా మంచిదే అన్నా. వైరూ మంచిదే," అన్నాడు. ఆ మాట ఆయనకు సంతోషం కలిగించినట్టు లేదు. తప్పు కొత్త పెట్టెదైతే ఆ పూటకు చేయగలిగింది ఏమీ లేదు.

అప్పటికే పాలు పోసేవాళ్లు క్యాన్లతో రావడం మొదలైంది. తువ్వాలు భుజాన వేసుకున్న ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు.

"ఏమమ్మా, పాలు పొయ్యాల్నా, తోడెయ్యాల్నా?"

"రొంత గమ్మునుండు మామా," అందామె.

రిపేరాయన టార్చి తీసుకుని నేల మీద వెల్లకిలా పడుకుని సాకెట్‌లోకి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి కూర్చుని అడిగాడు.

"అమ్మా, దీనికి పూజ చేసినారా?"

"చేయకుండా ఎట్లప్పా? కొత్తది గదా. కరెంటు వచ్చే తావు, వైరు పొయ్యే తావు, అన్నిటికీ పసుపు పూసి బొట్టు పెడితి."

నేనూ వంగి చూశాను. సాకెట్ మీద ఎండిన పసుపు, దాని మీద ఎర్రటి చుక్క. తొమ్మిది రంధ్రాల్లో ఒకదాని లోపలికి పసుపు దిగి గట్టిపడింది.

మేం వచ్చినప్పట్నుంచి ఆ గదిలో దేని మీద దుమ్ము కనిపించినా అడక్కుండా తుడిచిన మనిషి ఆయన. ఇప్పుడు గుడ్డ చేతిలోనే ఉంది, చెయ్యి కదలలేదు.

"లోపల పసుపు తీయాలమ్మా. మీరే తీస్తే బాగుంటాది," అన్నాడు.

గుమ్మంలో పెద్దాయన ఊరుకోలేదు. "పెట్టిన బొట్టు పొద్దు గూకే యాళ తుడుస్తారా యాడన్నా?"

ఆమె క్యాన్ల వరుస వైపు చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చింది. ముందుగా పెట్టె పైభాగాన కొత్తగా ఒక బొట్టు పెట్టింది. అది పెట్టాకే గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసింది. రిపేరాయన కరెంటు ఆపాడు, టార్చి పట్టాడు. ఆమె ఒక్కో పొర గీకుతుంటే అరచేతిలో పసుపు పొడి రాలింది. దాన్ని పారేయలేదు. గడపకు రాసి వచ్చింది.

"పైన ఉండాది గదా మామా, ఇంగేం?" అంది పెద్దాయనతో.

రిపేరాయన మళ్లీ వైరు కలిపి కరెంటు వేశాడు. తెర మీద ఒక వరుస అక్షరాలు వచ్చాయి, దాని కింద మరో వరుస. ఆయన తొట్టి రకం మార్చి, నాలుగు డిగ్రీలని కొట్టి, పెట్టెను ఆపి మళ్లీ వేశాడు. గోడవతల కంప్రెసర్ గురగుర మొదలుపెట్టింది.

క్యాన్ల వరుస మాత్రం ముందుకు జరగలేదు.

"ముందు నీయి పొయ్యి, సూస్తాం," అన్నాడు పెద్దాయన.

ఆమె తన ఆవుల పాలు తెచ్చి తొట్టిలో పోసింది. పెట్టె మీది అంకె మొదట పెరిగింది. నిలబడింది. తర్వాత ఒక్కొక్కటే తగ్గసాగింది. పెద్దాయన అంకెలు చదవలేనని ఎవరికీ చెప్పకుండా తొట్టికి అరచెయ్యి ఆనించి చూసి, తన క్యాన్ మూత తీశాడు. వెనకనున్నవాళ్లు దగ్గరికి జరిగారు.

ఆ రోజు ట్యాంకర్ ఆలస్యంగా వచ్చింది. పాలు చల్లబడడానికి అది మేలే అయింది. డ్రైవర్ మూత ఎత్తి ముందు వాసన చూశాడు, తర్వాత థర్మామీటర్ దించాడు. ఆమె తొట్టి పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. అతను థర్మామీటర్ చూసి, స్టూలు మీది మానిటర్ చూసి, "ఇదేందమ్మా, ఈడ సినిమా ఏస్తాండారా?" అన్నాడు. సమాధానం కోసం ఆగకుండా పైపు లాక్కొచ్చి తగిలించాడు.

మేం కంప్యూటర్‌ను మళ్లీ దుప్పట్లో చుడుతుంటే ఆమె కుంకుమ భరిణెతో వచ్చింది. అంత అలసటలోనూ ఆయన చటుక్కున కంప్యూటర్ వెనక పోర్టుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందర పెట్టమ్మా, ముందర."

ఆమె నవ్వి ముందరే పెట్టింది.