తువాలు ఊపిన చెయ్యి

అమ్మ చివరిగా చేసిన పని, ఉతికిన తువాలును తీగమీద ఆరవేయడం. తలకంటే ఎత్తుకు లేపి గట్టిగా విదిలించింది. తుంపరలు నా కళ్లద్దాల మీద పడితే నవ్వింది. ఆ మధ్యాహ్నం పడుకుని మళ్లీ లేవలేదు.

మా అమ్మ సిద్ధమ్మది కుప్పం పక్క గుడుపల్లె. పుంగనూరు దగ్గర మెట్టచేలున్న మా నాన్న గంగులయ్యను చేసుకుంది. 1944లో నాన్నకు క్షయ సోకింది. మదనపల్లె దగ్గర క్షయ ఆసుపత్రిలో చేర్చారు. అక్కడికి పోయినవాళ్లు తిరిగొస్తారని మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. అమ్మ నమ్మింది.

ప్రతి సంతరోజూ నన్ను చంకనేసుకుని, బొగ్గుతో నడిచే బస్సెక్కేది. ఆసుపత్రిలోకి మూడు గంటలకు గాని వదలరు. వెనక్కి వచ్చే ఆఖరు బస్సు రెండింటికే. ఇంట్లో చూపు లేని మా నాయనమ్మ, పాలిచ్చే ఆవు. అందుకని కంచె బయట ఉన్న బండరాయెక్కి నిలబడేది, పెండ్లినాటి ఎర్రచీర కట్టుకుని. దూరంగా వసారాలో వరసగా మంచాలు. మొగాలు తెలిసేవి కావు. కాసేపటికి ఒక మంచం దగ్గర ఎర్రంచు తువాలు లేచి ఊగేది. అది అమ్మ పంపిన తువాలే. చూసుకుని, దిగి, బస్సుకు నడిచేది.

రెండో ఏడు మా మేనమామ చెంగయ్య ఆమెను పుట్టింటికి తీసుకుపోవడానికి బండి కట్టుకుని వచ్చాడు.

"బావ లేసేది కల్ల. ఈడ ఎవరికోసరం ఉండావు?"

"నాతో వచ్చి సూడన్నా. తువాలు లేయకపోతే నీ బండెక్కుతా."

ఆ సంతరోజు మామ కూడా బండరాయెక్కాడు. తువాలు లేవలేదు. బస్సు హారన్ కొట్టింది. మామ చెయ్యి పట్టుకుని లాగినా అమ్మ కదల్లేదు. అప్పుడు లేచింది తువాలు, ఎప్పటికంటే ఎత్తుగా.

"అంత దూరాన యావడో ఊపినాడు. బావే అని ఎట్ల సెబుతావు?"

"కట్టుకున్నోడి చెయ్యి నాకు తెలీదా? వెయ్యి చేతుల్లో పట్టేస్తా."

"మీ వదిన సంతలో పక్కన నిలబడినా నేను కనుక్కోలేను," అంటూ మామ దిగాడు. బండి ఖాళీగానే గుడుపల్లెకు పోయింది. మరుసటి నెల రాగులు వేసుకుని వచ్చింది.

1947లో నాన్న నడిచి ఇంటికొచ్చాడు. ఆ తరువాత ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఈ కథ చెప్పేది.

"ఏంది, పలకవు?" అని నాన్నను పొడిచేది.

"నువ్వు సెబుతాండావు గదా," అని ఆయన తమలపాకుకు సున్నం రాసుకునేవాడు. నాన్న పోయాక కూడా అమ్మ ఆ కథ మానలేదు.

అమ్మ పోయిందని తెలిసి వాయల్పాడు నుంచి బర్నబాసు గారు వచ్చారు. ఆసుపత్రిలో నాన్న పక్కమంచం ఆయనది. అమ్మ చెప్పినట్టే నేను చెయ్యి సంగతి చెప్పాను. ఆయన తన కుడిచేతిని చూసుకున్నారు.

"మీ నాయన తల దువ్వుకునేదానికి గూడా చెయ్యెత్తకూడదని డాక్టర్లు చెప్పినారమ్మా. తువాలు ఊపింది నేను. ఒకనాడు నన్ను ఎక్స్‌రేకి తీసకపోయినారు. తిరిగొచ్చేసరికి మీ నాయన కండ్లనిండా నీళ్లు. 'బిరీన ఎత్తప్పా, ఆమె ఇంగా నిలబడే ఉండాది' అన్నాడు. ఆ పొద్దు మంచమెక్కి ఊపినా."