ఏసోబు తాగిన నీళ్లు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. ఈ మందిరంలో ఎంతోమంది సాక్ష్యాలు విన్నాను, అందరితో పాటు చప్పట్లు కొట్టాను, కానీ నా పేరు పిలుస్తారేమో అనిపించగానే లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ని. పదిహేడేళ్లు తాగానండి! గుంటూరు మిరపయార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు మోసేవాణ్ని, పొద్దున మోయడానికని తాగేవాణ్ని, సాయంత్రం మోసి వచ్చానని తాగేవాణ్ని, పెళ్లాన్ని కొట్టిన రోజులున్నాయి, కన్నకూతురు నన్ను చూసి మంచం కిందికి దూరిన రోజులున్నాయి. ఒళ్లు నొప్పులకి తాగుతున్నాడులే అని అందరూ సరిపెట్టుకున్నారు. నేనెందుకు తాగానో చెప్పాలంటే ముందు మా హైస్కూలు ఫుట్‌బాల్ సంగతి చెప్పాలి.

మాది వినుకొండ దగ్గర పల్లె. చుట్టుపక్కల ఊళ్లన్నీ క్రికెట్ ఆడుతుంటే మా డ్రిల్లు మాస్టారికి ఫుట్‌బాల్ పిచ్చి, ఆ పిచ్చి మాకూ ఎక్కించాడు. సరుగుడు కర్రలు పాతి గోలు కట్టాం, వల లేదు, బూట్లు ఎవరికీ లేవు, వాన పడితే నల్లరేగడి కాళ్లకి పట్టుకుని ఒక్కో పాదం ఎత్తలేక నవ్వుకుంటూ పడిపోయేవాళ్లం. నేను ముందు వరసలో ఆడేవాణ్ని, ఏసోబు గోల్‌కీపరు. మా వీధిలో దావీదు పెదనాన్నకి, మరియమ్మ పెద్దమ్మకి వాడొక్కడే కొడుకు. గోలు పడితే ఏడ్చేవాడు, ఆపినా ఏడ్చేవాడు, పిచ్చిమాలోకం! నేను గోలు కొట్టానంటే చాలు, ఆ చివర నుంచి ఈ చివరికి పరుగెత్తుకొచ్చి నన్ను అమాంతం ఎత్తుకునేవాడు, "ఒరేయ్, నీ గోలు ఎవడు కాస్తాడ్రా!" అని మాస్టారు అరిచినా వినేవాడు కాదు. నన్ను చూసి అంత సంతోషపడ్డ మనిషి నాకు మళ్లీ దొరకలేదు.

పదో తరగతిలో పక్క ఊరి స్కూలుతో ఆట, మా గ్రౌండులోనే. ఆ రోజు నీళ్లు తెచ్చే వంతు నాది. మా పత్తి చేల ఊళ్లలో పురుగుమందు డబ్బా ఖాళీ అయితే ఎవరూ పారేసేవాళ్లు కాదు, బూడిద వేసి నాలుగైదు రోజులు నానబెట్టి, తోమి, ఎండబెట్టి, అందులోనే చేలోకి మంచినీళ్లు పట్టుకెళ్లేవాళ్లు, అది తప్పని ఎవరికీ తోచలేదు. అలా తోమిన డబ్బాని మా అమ్మ పొద్దున్నే చేలోకి తీసుకెళ్లిపోయింది. వసారాలో ముందు రోజే ఖాళీ అయిన డబ్బా కనబడింది, ఆటకి ఆలస్యమవుతోంది, రెండుసార్లు నీళ్లు పోసి గలగలలాడించి పారబోశాను, బోరు దగ్గర నింపాను, నేను మాత్రం బోరు కిందే దోసిలి పట్టి కడుపునిండా తాగి పరుగెత్తాను.

సగం ఆటకి విజిల్ ఊదగానే ఏసోబు వచ్చి డబ్బా ఎత్తాడు. ఒక గుక్క తాగి ఆగిపోయాడు.

"ఒరేయ్, మందు వాసనొస్తందిరా."

"మా డబ్బాలన్నీ అంతేలేరా, తాగు, ఏం కాదు" అన్నాను.

నా మాట నమ్మి తాగాడు సహోదరులారా! ఇంతలో మాస్టారు తెప్పించిన మజ్జిగ వచ్చింది, మిగతావాళ్లంతా దాని మీద పడ్డారు, నా డబ్బా వైపు ఎవరూ చూడలేదు. అంతమందిని కాపాడిన దేవుడు వీణ్నెందుకు కాపాడలేదని ఇప్పటికీ అడుగుతుంటాను.

ఆట మళ్లీ మొదలైన కాసేపటికి వాడు గోలు ముందు కూలబడ్డాడు, ఒళ్లంతా చెమట, నోట్లో నురగ. వడదెబ్బ అన్నారు. ఆటోలో వినుకొండ తీసుకెళ్లారు, అక్కడి నుంచి గుంటూరు, మూడో రోజు పోయాడు. కడుపులో పురుగుమందు ఉందని డాక్టర్లు చెప్పారు. మా వైపు ఆ మాట వినబడితే జనం ఇంకేమీ అడగరు. చదువు మానేసి బంతి వెంట పడుతున్నావని ముందు రోజు సాయంత్రమే పెదనాన్న వాడి మీద చెయ్యి చేసుకున్నాడు, వీధంతా చూసింది. ఇంకేముంది, తండ్రి కొట్టాడని కొడుకు మందు తాగి చచ్చాడన్నారు! నేను డబ్బాని వాగులో పారేసి నోరు మూసుకున్నాను. చిన్నవాణ్ని, భయపడ్డాను అనుకోవచ్చు, కానీ మీసాలొచ్చాయి, పెళ్లయింది, బిడ్డ పుట్టింది, అప్పుడూ నోరు తెరవలేదు. పెదనాన్న మాట తగ్గించేశాడు, అన్నం తగ్గించేశాడు, ఆరేళ్లు తిరిగేసరికి ఆయనా పోయాడు, తన వల్లే కొడుకు పోయాడనుకుంటూ పోయాడు! ఆయన పెట్టె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. తాగకుండా భుజం పట్టలేకపోయాను, నా తాగుడు ఆ రోజు మొదలైంది.

మా ఆవిడ నన్ను ఉపవాస ప్రార్థనలకి ఎన్నిసార్లు లాక్కొచ్చిందో మీకు తెలుసు. "ప్రభువా, ఈ తాగుడు మాన్పించు" అని మీతో పాటు అనేవాణ్ని, వెళ్లి తాగేవాణ్ని. పోయిన ఎండాకాలం ఒక శుక్రవారం మోకాళ్ల మీద ఉండగా నా నోట వేరే ప్రార్థన వచ్చింది: "ప్రభువా, ఏసోబు చావాలని తాగలేదయ్యా, నేను తాగమంటే తాగాడయ్యా, ఆ తల్లికి ఎలా చెప్పేదయ్యా, నువ్వు తోడు రాకపోతే నా కాళ్లు కదలవయ్యా!" పాస్టరుగారు నా వీపు మీద చెయ్యి వేసి, "ఇక్కడ చెప్పింది చాలదు నాయనా, ఆమె దగ్గరికి వెళ్లు" అన్నారు. ఆ మధ్యాహ్నమే మా పల్లెకి బస్సెక్కాను, తాగకుండా ఎక్కాను.

పెద్దమ్మ వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే మిరపకాయల చేతులతో తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకుంది.

"అయితే నా బిడ్డ మా మీద అలిగి పోలేదన్నమాట" అంది. మళ్లీ అదే మాట అంది. తర్వాత, "ఈ ముక్క మీ పెదనాన్న ఉండగా చెప్పకపోయావా నాయనా" అంది.

క్షమించానని ఆమె అనలేదు, నేను అడగలేదు. ఆ వారమంతా మా పల్లెలో ఇంటింటికీ తిరిగి నిజం చెప్పాను, కొందరు మొహం మీదే తిట్టారు, తిట్టించుకున్నాను. ఆ శుక్రవారం నుంచి ఈ రోజు వరకు చుక్క ముట్టలేదు, దేవునికే మహిమ! నా కూతురు ఇప్పుడు నా పక్కన కూర్చుని అన్నం తింటోంది, ప్రభువుకి ఎన్ని స్తోత్రాలు చెప్పినా చాలవు!

కానీ సహోదరులారా, దుఃఖం పోలేదు, పోయిందని మీతో అబద్ధం చెప్పను. మీలో ఎవరి గుండెలోనైనా ఇలాంటి మాట దాగి ఉంటే ప్రభువుని నమ్మండి, ఆయన మీ చెయ్యి పట్టుకుని ఆ గడప దాకా వస్తాడు, నా కోసం వచ్చాడు! ఆలస్యం మాత్రం చేయకండి. దేవుడు ఎప్పుడైనా వింటాడు, మనుషులు బతికుండగానే వింటారు. ఆరేళ్లు పెదనాన్న ఎదురుగానే తిరిగాను, పలకరించాను, ఆయన చేతి టీ తాగాను. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది.