ఈ ఇంట్లో అలాంటి పిల్ల లేదు

ఇన్నేళ్ళుగా నా కుడి బొటనవేలిని చూస్తే నాకే భయం. ఖాకీ బట్టల మనిషి మా వీధి మలుపు తిరిగితే దాన్ని కొంగులో దాచుకుంటాను. దాచి ఏం లాభం? దాని గుర్తు ఏదో ఆఫీసు బీరువాలో ఉండే ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది ఫిషింగ్ హార్బర్ పక్కన జాలర్ల వీధి. అక్కా బావా పోయాక వాళ్ళ కూతురు రత్నాన్ని నేనే పెంచాను. నాకు పిల్లల్లేరు. రత్నం మంచి పొడగరి. రెండు బస్సులు మారి గాజువాక అవతల గ్రౌండులో బాస్కెట్‌బాల్ ఆడేది. సునామీ వచ్చిన ఏడాదిన్నరకి దేశం జట్టులో చోటొచ్చింది. పోర్చుగీసు మాట్లాడే దేశాల పోటీలట. గోవాను ఒకప్పుడు వాళ్ళు ఏలారు కాబట్టి మనకూ పిలుపొచ్చిందట. ఇక పాస్‌పోర్టు ఒక్కటే రావాలి.

నాకు మాత్రం అన్నం సయించలేదు. అంత దూరం, సముద్రం మీదుగా. తిరిగి రాకపోతే? వచ్చినా, అన్ని దేశాలు చూసిన పిల్లకి ఈ చేపల వాసన ఇల్లు కంటికి ఆనుతుందా?

ఒక మధ్యాహ్నం ఎండుచేపలు తిరగేస్తుంటే కానిస్టేబుల్ వచ్చాడు.

“నూకరత్నం ఇల్లు ఇదేనా?”

మా వీధిలో పోలీసు ఏ పేరు అడిగినా లేరనే చెబుతాం. బోటు గొడవలూ సారా కేసులూ చూసిన పెద్దవాళ్ళు నేర్పిన మాట అది. నా నోరూ అదే పలికింది.

“అలాటోల్లెవులూ నేరు బాబూ. ఈ ఇంట్లో నానొక్కదాన్నే.”

అతను తాడు మీద ఆరుతున్న రత్నం నిక్కరు చూశాడు. “అయితే ఆ నిక్కరు నువ్వేసుకుంతన్నావేటమ్మా?”

“పక్కింటోల్లది.”

“సరే. ఇది పాస్‌పోర్టు ఎంక్వయిరీ. నేదంతన్నావు కదా, ఇక్కడ ఏలిముద్ర ఎయ్యి.”

అప్పుడు అర్థమైంది. అతను ఇంకు డబ్బా మూత తీసి, కాగితం మోకాలి మీద పరిచేదాకా నాకు వ్యవధి ఉంది. నా బిడ్డే బాబూ అంటే సరిపోయేది. అనలేదు. వేలు ముంచాను. పోలీసంటే భయమా? పిల్ల దూరమవుతుందనా? లేక అది నన్ను దాటి ఎదిగిపోవడం చూడలేకపోయానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఏది ముందో తేలలేదు.

ఆ చిరునామాలో మనిషి లేదని పాస్‌పోర్టు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. జట్టు వెళ్ళిపోయింది. అప్లికేషన్ నింపింది కోచ్. ఆయనే అడ్రసు తప్పు రాశాడని రత్నం ఈనాటికీ నమ్ముతోంది. ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది. పాపం ఆయన తల దించుకుని వెళ్ళిపోతాడు. అది కూడా చూస్తూ ఊరుకున్నాను.

ఇప్పుడు రత్నం భీమిలిలో ఒక బడిలో పిల్లలకు ఆట నేర్పుతోంది. నాకు అక్షరాలు నేర్పిందీ అదే. “ఇంకెక్కడా ఏలిముద్ర ఎయ్యకు పిన్నీ” అని నా చెయ్యి పట్టుకుని దిద్దించింది.

ప్రతి ఆదివారం వచ్చి నా నోటుబుక్కు చూస్తుంది. ఇది అందులోనే రాస్తున్నాను. రేపే ఆదివారం. చదివాక మళ్ళీ గడప తొక్కకపోవచ్చు. తొక్కమని అడిగే మొహం నాకు లేదు. రెండుసార్లు ఈ పేజీ చింపబోయాను. అయినా ఆ కానిస్టేబుల్‌కి చెప్పాల్సిన మాట ఇప్పటికి బయటికొచ్చింది.

నూకరత్నం ఇల్లు ఇదే. నా బిడ్డే. లేదన్నది నేనే.