ఇస్త్రీ బాబాయి కట్టిన కట్టలు

లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, ఎలా విప్పాలో నలభైమంది ప్రయాణికులకు చూపిస్తూ, ఇస్త్రీ బాబాయి దాన్ని చొక్కాతో సహా విప్పేశాడు. లోపల బనీను లేదు. చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పి, నమస్కారం పెట్టి, అప్పుడు చొక్కా వెతుక్కున్నాడు.

"ఇంకోసారి చూపించు బాబాయ్, సరిగ్గా అర్థం కాలేదు!" అంది వెనక బెంచీలోంచి ఒక నర్సమ్మ. లాంచీ అంతా గొల్లున నవ్వింది.

మడత నలగని బట్టల్లో తప్ప కనిపించడని ఆయనకు ఆ పేరు. లాంచీని శుభ్రంగా ఉంచడం ఉద్యోగం. జనమేమో జాకెట్లు పరుచుకు కూర్చునేవారు, వాటితోనే పిల్లల ముక్కులు తుడిచేవారు. బాబాయికి ఒళ్లు మండిపోయేది. ఒకనాడు అన్నిటినీ సబ్బుపెట్టి ఉతికి, ఆరబెట్టి, పదేసి ఒక కట్టగా తాడేసి బిగించి, బెంచీల కింద సర్దేశాడు. తనిఖీకొచ్చిన అధికారి మెచ్చుకుని భుజం తట్టాడు. రెండురోజులపాటు ఇంట్లో ఆ భుజాన్ని ఎవరినీ తాకనివ్వలేదు.

ఆ వారమే, నది మలుపులో గాలివాన కొట్టింది. తడవకూడదని జనమంతా ఒకే పక్కకు జరిగారు. లాంచీ ఒరిగింది.

"బావా, కట్ట విప్పు!" అని అరిచాడు బాబాయి. ఆ బెంచీ మీద ఉన్నది ఆయన చెల్లెలి భర్తే. ఇద్దరూ చెరో కట్టనూ గోళ్లతో, పళ్లతో పీకారు.

"ఏం ముళ్లేశావయ్యా మహానుభావా!" అన్నాడు బావ. ఆ తర్వాత అంతా నీళ్లే.

బాబాయి కట్టను వాటేసుకుని తేలాడు. బావ చేతిలోది జారిపోయింది. ఆయనతో పాటు మరో పదిహేడుమంది పోయారు. మిగిలిన కట్టలు మర్నాడు దిగువన దొరికాయి. ఒక్క ముడీ సడలలేదు.

విచారణలో గాలన్నారు, జనం ఎక్కువన్నారు. తాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. బాబాయే చెల్లెలి గుమ్మంలో నిలబడి, "కట్టింది నేనేనమ్మా" అన్నాడు. ఆమె తలుపు వేసుకుంది. ఏడాది గడిచినా ఆ నోట అన్నయ్యా అన్న పిలుపు లేదు.

ఇప్పుడు ఆయన చేత్తో జాకెట్ తొడగందే ఎవరూ లాంచీ ఎక్కడానికి లేదు.

అవతలి ఒడ్డున కుట్టుపని దొరికి, ఒక ఉదయం చెల్లెలు వరసలో నిలబడింది. బాబాయి జాకెట్ తెరిచి పట్టుకున్నాడు. ఆమె ఎటో చూస్తూ చేతులు చాపింది. ఆయన తొడిగి, పట్టీలన్నీ బిగించి, మళ్లీ ఒక్కొక్కటే లాగి చూశాడు.

"ఇంత బిగించేశావేంటన్నయ్యా, ఊపిరాడట్లేదు!"

"ఆడుతోంది కాబట్టేగా తల్లీ, తిడుతున్నావు."