పిడికెడు బూజు

మొన్న మా చిట్యాలల నేను చేసిన ఘనకార్యం చెప్త వినుండ్రి. నవ్వితే నవ్వుండ్రి గాని, మా పెద్దసారు చెవుల మాత్రం వెయ్యకుండ్రి!

పశువుల దవాఖానల కంపౌండర్‌ను గద, హైదరాబాద్‌కు ట్రేనింగ్‌కు పంపిండ్రు. ఆడ కొత్త ముచ్చట చెప్పిండ్రు. నూనె తీసినంక బర్రెలకు పెట్టే పల్లిచెక్కకు బూజు పడితే దాంట్ల విషం పుడ్తదట! బర్రెల కార్జం ఖరాబైతదట! "ఎంత దాక పెడితే ఫికర్ లేదో, ఆ హద్దు ఇంకా తేలలేదు" అన్నరు.

నేనాగుతనా? రాంగనే రైతులను పోగు చేసి గొంతు చించుకొని చెప్పిన. అంతా విని మల్లయ్య లేచిండు.

"బూజు పట్టిందల్ల పారేస్తే బర్రెలకేం పెట్టాలె సారూ? ఎంత దాక పెట్టొచ్చో జర చెప్పరాదు!"

తెల్వదంటే ఇజ్జత్ పోదా? పిడికిలి లేపి చూపిచ్చిన. "పెద్ద బర్రెకు రోజుకు గింత! పిడికెడు!" హైదరాబాదోళ్లకు తేలని హద్దు నేను తేల్చిన్నని ఛాతీ ఉబ్బిచ్చుకొని ఇంటికి పోయిన.

వారమైనంక దవాఖానకు లక్ష్మమ్మ వచ్చింది. చేతుల తాజా పల్లిచెక్క ముక్క.

"సారూ, మా చెక్కకు బూజు పడ్తనే లేదు. నీ దగ్గరుంటే జరంత ఇయ్యి."

"బూజెందుకవ్వా?"

"గట్లంటవేంది? రోజుకు పిడికెడని నువ్వే చెప్తివి గద! మల్లయ్యైతే గోనెసంచి తడిపి కప్పి మంచిగ పట్టిచ్చిండు. అందరం ఆయన దగ్గరనే తెచ్చుకుంటున్నం."

నా గుండె జారిపోయింది! దవాఖానల పనిచేసేటోడు కొలత చెప్పిండంటే అది మందే అనుకున్నరు! ఉన్నోణ్ణి ఉన్నట్టే సైకిలెక్కి ఉరికిన. ఇల్లిల్లు తిరిగి, దండం పెట్టి, బూజు చెక్కనంత గుంజుకొని బొంద తవ్వి పూడ్చిన. ఒక్క గొడ్డుకు గూడ ఏం గాలే, బతికిపోయిన!

చెమటలు కక్కుకుంట ఇంటికొస్తే మా ఆమె చాయ్ తెచ్చిచ్చింది. సగం తాగినంక ఊరి సంగతంత చెప్పిన. ఆమె మొఖం పాలిపోయింది.

"మరి మన బర్రెకు గూడ పెడ్తున్న గద! ఒక్క పూట తప్పలే. కంపౌండర్ ఇంటి బర్రె అని రెండు పిడికిళ్లు పెడ్తున్న!"

బర్రె నిమ్మళంగ నెమరేస్తాంది. నేను మిగిలిన సగం చాయ్ కింద పెట్టిన, అది దాని పాలతోటి చేసిందే గద! ఊరంత ఉరికి చెప్పొచ్చిన మొనగాణ్ణి, మా ఇంట్ల చెప్పుడే మరిచిన!