ఇద్దరు సాక్షుల మాట

మా పెదనాయన పోయాడని మొన్న పొద్దున నేను మిల్లులో ఉండగా కబురొచ్చింది. మేస్త్రీ ఆ సంగతి చెప్పి, "సంగు ఊదినంక పో" అన్నాడు. మా మిల్లులో ఏడుపు కూడా షిఫ్టు సైరను మోగాకే ఏడవాలి.

కోయంబత్తూరు మిల్లు లైన్లలో మా తెలుగువాళ్ళ చర్చికి ఆయన జీతం లేని ఉపదేశి. వారమంతా బ్లోరూములో దూది దుమ్ము మింగి, ఆదివారం దగ్గుతూ వాక్యం చెప్పేవాడు. చెయ్యి మాత్రం మహా దురుసు. చిన్నప్పుడు ఒకసారి లేచి అడిగాను: యేసును పట్టిచ్చిన యూదా ఉరిపోసుకున్నాడని బైబిల్లో ఒకచోట ఉంది, తలకిందులుగా పడి కడుపు పగిలి చచ్చాడని ఇంకోచోట ఉంది, దేవుడు రాయిస్తే ఇలా ఎందుకుంటుంది? ముందు మొట్టికాయ పడింది. తర్వాత జవాబొచ్చింది.

"ఇద్దురు సూసింటే రెండు మాటలే వస్తాయి, కన్నూ. ఒకటే మాట వచ్చిందంటే కూసోని మాట్లాడి పెట్టుకున్నారని."

ఎవరేం చెప్పినా రెండో మనిషిని కూడా అడిగే అలవాటు నాకు అలా అబ్బింది. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆయన ఒక్కగానొక్క కొడుకు, నాకు అన్న, మిల్లు దూది గోడౌనులో అటక మీంచి పడి చనిపోయాడు. చూసినవాళ్ళు ఇద్దరు. అటక పలక విరిగిందని ఒకడు, కాలు జారిందని ఒకడు విచారణలో చెప్పారు. మేనేజరుకు అంతే చాలింది. మాటలు కలవలేదు గనక రెండూ అబద్ధాలే, కుర్రాడు తానే దూకాడని తేల్చేశాడు. ఆత్మహత్య అయితే సమాధుల తోటలో చోటు లేదని పాస్టరుగారు అన్నారు.

శవం వాకిట్లో ఉండగానే పెదనాయన పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను.

"అయ్యా, వేదంలో యూదా సావు రెండు తినుసులుగా ఉండాది. రెండూ నిజమేనని మీరే సెప్తారు. నా బిడ్డ సావుకి మాత్రం ఏమిటికి ఒప్పుకోరు?"

పాస్టరుగారు కాఫీ గ్లాసు కింద పెట్టలేదు. "అది దేవుని మాట. ఇది కూలోళ్ళ మాట."

"ఆ మాట సెప్పినోళ్ళూ సేపలు పట్టేటోళ్ళే గద, అయ్యా."

తలుపు మూసుకుంది. మా అన్నను తోట గోడ అవతల, ముళ్ళకంపల్లో పూడ్చాం. గుంట తవ్వుతుంటే తోట కాపలావాడు వచ్చి, గోడకు ఆనకుండా ఇంకాస్త జరపమన్నాడు.

నా నమ్మకం ఆ రోజే పోయింది. రెండు మాటల్లో తేడా ఉంటే ఒకచోట వేదం, ఒకచోట అబద్ధం అవుతుందా? అలాగైతే తేల్చేవాడు దేవుడెలా అవుతాడు, కుర్చీలో కూర్చున్నవాడే గాని? పెదనాయనతో అదే అన్నాను. మళ్ళీ మొట్టికాయ పడుతుందనుకున్నాను. పడలేదు.

"తేడా ఉంటే ఉండనీ. మనుసుల నోట్లోంచి వచ్చింది, మనుసుల వాసన ఉంటాది. నా బిడ్డని గోడ అవతలకి తోసింది పుస్తకం కాదు."

తర్వాతి ఆదివారం కూడా ఆయనే వాక్యం చదివాడు. యూదా కథ వచ్చినప్పుడల్లా రెండు చోట్లూ వరసగా చదివి, పాస్టరుగారి వైపు చూస్తూ పుస్తకం మూసేవాడు. పెదనాయన క్షమించాడని జనం మెచ్చుకున్నారు. అది కసి అని నాకు తెలుసు. నాకు ఆయనలో నచ్చిందీ అదే.

తనను కొడుకు పక్కనే పూడ్చమని ఆఖరిదాకా అడిగాడు. కుదరలేదు, అక్కడ మిల్లుకు తారురోడ్డు వేసేశారు. చర్చి పెద్దలు మాత్రం ఉదారంగా లోపల మంచి చోటే ఇచ్చారు. నిన్న ఆ రోడ్డు మీదుగానే పెట్టెను మోసుకెళ్ళారు. అన్న ఉన్న చోటికి వచ్చేసరికి మోసేవాళ్ళ అడుగు నెమ్మదించింది. వెనక దూది లారీ ఆపకుండా హారన్ కొట్టింది. అందరం అన్నను తొక్కుకుంటూ గబగబా నడిచాం.