గాడిద మింగిన మాటలు

తోలోగోన్‌కి ఒకటే పిచ్చి. చెవిన పడ్డ ప్రతి చప్పుడూ రికార్డు చేస్తాడు, చేసినదాంట్లో గోరంత కూడా కత్తిరించడు. ఏట్లో మంచు పగిలినా, పక్కింటి ముసలాయన తుమ్మినా, వేలు పెదాల మీద పెట్టి "ఉష్!" అంటాడు. వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఇదే సంగీతం అంటాడు.

"మూడు తీగల కొముజ్ వాయించడం చేతగాక తలుపులు వాయిస్తున్నాడు" అని ఊళ్ళో నవ్వులు. "పోనీ, ఆ కుక్క మొరుగుడైనా తీసెయ్యరాదుట్రా?" అని ఎవరైనా అడిగితే మాత్రం ముఖం ఎర్రబడుతుంది.

"కుక్క తన మాట తను చెప్పుకుంది. కొయ్యడానికి నేనెవర్ని?"

కొండమీద మేత బయళ్ళలో గుడారాలు వేసుకున్న వేసవంతా, వరసకు వదినైన బురుల్ ఈ మాటకు పడీ పడీ నవ్వింది. గొర్రెలతో ఊళ్ళోకి దిగాక ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. తోలోగోన్ క్లబ్బులో కచేరీ పెడుతున్నాడు.

"వదినా, నువ్వు కుమిస్ చిలికిన చప్పుడే ఇందులో ప్రాణం! వచ్చేపోయేవాళ్ళంతా తలో చెయ్యి వేసే ఆ తిత్తికి మైకు కట్టి పొద్దంతా వదిలేశాగా!"

కోడలి నోట అత్త పేరు చచ్చినా రాకూడదు. అలాంటిది, కుమిస్ చేసే గుర్రపుపాల తిత్తి దగ్గర ఒంటరిగా నిలబడి, కవ్వంకర్ర పోటుపోటుకీ అత్తగారి పేరు పెట్టి తను పాడిన పాట బురుల్‌కి గుర్తొచ్చింది: "సైరకాన్, ఓ సైరకాన్! నీ గురకకి గుర్రాలు బెదిరెనే సైరకాన్!"

"ఆ ముక్క ఒక్కటీ తీసెయ్యవయ్యా, నీకు పుణ్యముంటుంది. మా అత్తగారు వింటే ఇక ఆ ఇంట్లో నేను తలెత్తుకోలేను."

"ఉష్! వదినా, నీ గొంతు ఎంత బాగా వణుకుతోందో!" అని మైకు ముందుకు పెట్టాడు తోలోగోన్.

కచేరీ రోజు క్లబ్బు కిటకిటలాడింది. ఎందుకో గాని ఎవరి ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు. బురుల్ పక్కనే అత్తగారు. గాలి వీచింది, గొర్రెలు అరిచాయి, తిత్తిలో కవ్వంకర్ర దుబుక్కు దుబుక్కుమంది. "సై..." అని తన గొంతే వినబడగానే బురుల్ కళ్ళు మూసేసుకుంది.

అంతలో గాడిద ఓండ్రపెట్టింది. పాట మొత్తాన్నీ మింగేసి గాని ఊరుకోలేదు.

బురుల్ ఊపిరి వదిలింది. కాసేపటికి మళ్ళీ ఓండ్ర. ఈసారి "హమ్మయ్య" అన్నది అత్తగారు! తర్వాతి ఓండ్రకి ఊరిపెద్ద టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. ఆ తర్వాత కాపరులంతా ఒక్కసారే నిట్టూర్చారు.

"అత్తయ్యా, తిత్తి దగ్గర మీరేమన్నారేమిటి?"

"నేనా? నేనేమంటానే! నువ్వేమన్నావు?"

"అబ్బే, నేనేమంటాను!"

అత్తాకోడళ్ళిద్దరూ బుద్ధిగా ముందుకు తిరిగారు.

"గాడిద మరీ ఎక్కువైందిరా" అంటూనే పెద్దలు తోలోగోన్ భుజం తట్టి వెళ్ళారు. బురుల్ అతన్ని గుమ్మం దగ్గర పట్టుకుంది.

"మన బయళ్ళలో గాడిదే లేదు కదయ్యా!"

"పక్క లోయలో ఉంది. కొండ దాటి వెళ్ళి, అది నోరు విప్పేదాకా దాని ముందే కూర్చున్నాను. నేనేమీ కొయ్యలేదు వదినా, పైన కప్పానంతే."

బురుల్‌కి ఆ మరిది మీద ఎక్కడలేని ఆపేక్ష పుట్టుకొచ్చింది. అయినా నాలుక ఊరుకుంటేనా?

"అవునుగానీ, మా అత్తగారు నన్నేమందో చెప్పవూ?"

తోలోగోన్ వేలు పెదాల మీద పెట్టాడు. ఈసారి చేతిలో మైకు లేదు.

"ఉష్!"